పదకొండో గడి, పన్నెండు వోల్టులు

భవనాల నిర్వహణ అధికారి గారి సముఖానికి,
కుట్టు కేంద్రం కింది గదిలో మూడో మిషను మీద పనిచేసే ఆమె తమ్ముడు రాసుకునే ఎనిమిదో అర్జీ.

విషయం: కింది గదిలో నేను అమర్చగా తమ శాఖ వారు ఊడదీసిన పన్నెండు వోల్టుల ఎల్.ఇ.డి. దీపాలను తిరిగి అమర్చుకొనుటకు అనుమతి గురించి.

సూచిక: నా ముందటి ఏడు అర్జీలు, వాటన్నిటికీ కలిపి తమ కార్యాలయం ఇచ్చిన ఒక్క జవాబు.

అయ్యా,

ముందటి అర్జీలలో వాడిన కొన్ని మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. నాలుగో అర్జీలో తమ కార్యాలయాన్ని 'గాలి కూడా దరఖాస్తు పెట్టుకుంటేగాని లోపలికి రాలేని కొంప' అన్నది వెనక్కి తీసుకుంటున్నాను. ఆరో అర్జీ చివర ఎర్ర సిరాతో రాసినది మొత్తం వెనక్కి తీసుకుంటున్నాను. మిగతావి ఇంకా నిజమే అనుకుంటున్నాను గనుక ఉంచుతున్నాను. ఈసారి కోపం లేకుండా రాయాలని కూర్చున్నాను. ఎంతవరకు సాగుతుందో చూడాలి.

1. కింది గది వీధికన్నా ఏడు మెట్లు దిగువన ఉన్నది. కిటికీ ఒక్కటే. అది గోడ పైభాగాన వీధి మట్టానికి ఉన్నందున అందులోంచి దారిన పోయేవాళ్ళ చెప్పులు తప్ప మరేమీ కనబడవు. పన్నెండు మిషన్లు, పదకొండు మంది ఆడవాళ్ళు. పన్నెండో మిషను చెడిపోయి, మూలన గుడ్డలు మోస్తున్నది. పదకొండు మందికీ పుట్టుక నుంచి వినబడదు. మిషన్లు కాలితో తొక్కేవి, కరెంటుతో పని లేదు. ఇవన్నీ తమ రికార్డులో ఉన్నవే. తమరు ఆ ఏడు మెట్లు దిగిన దాఖలా లేదు గనుక మళ్ళీ రాస్తున్నాను.

2. గోడలు చెమ్మ. కిందటి వానల్లో స్విచ్చి బోర్డు తగిలి, కాజాలు కుట్టే పెద్దావిడ (అందరం కాజాల అత్త అంటాం) చెయ్యి మోచేతి దాకా కొయ్యబారింది. రెండు రోజులు సూది పట్టలేదు. తమ శాఖ వారు మర్నాడే వచ్చి కింది గదికి కరెంటు కోసేశారు. అది సరైన పనే, కాదనను. చిక్కల్లా ఏమిటంటే కోసినవారు మళ్ళీ రాలేదు. నా మొదటి అర్జీకి వచ్చిన ఆ ఒక్క జవాబు నాకు కంఠతా వచ్చు: 'కేంద్రంలో పని ఆగినట్లుగాని, ఉత్పత్తి తగ్గినట్లుగాని నమోదు కానందున, వెలుతురును అత్యవసరముగా పరిగణింపజాలము.'

3. నిజమే. పని ఆగలేదు. ముప్ఫై ఏళ్ళుగా కుట్టే చేతికి గుడ్డ అంచు చీకట్లోనైనా తెలుస్తుంది. ఆగినది మాట. వాళ్ళు మాట్లాడుకునేది చేతులతో. చెయ్యి కనబడకపోతే నోరు మూసినట్టే. చీకట్లో పదకొండు మంది పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకరి పక్కన ఒకరు, ఎవరి గదిలో వారు తాళం వేసుకున్నట్టు కూర్చుంటున్నారు.

ఈ సంగతే కేంద్రం సూపర్‌వైజరమ్మతో చెప్పాను. ఆమె చెడ్డ మనిషి కాదు. "కుడుతున్నారు, బొత్తాలు పెడుతున్నారు, ఒక్క కుట్టు తప్పడం లేదు. మాట్లాడుకోకపోతే ఏం కొంప మునిగింది నాయనా? మా ఇంట్లో కోడళ్ళు ఒక్క పూట నోరు మూసుకుంటే నేను దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను," అంది.

"మీరు ఒక్క రోజు మూసుకుని చూడండి," అన్నాను.

"అదుగో, ఆ నోరే నీకు చేటు," అంది. ఆ మాట అప్పుడు నాకు పట్టలేదు.

4. మా అక్క గురించి. ముందటి అర్జీలలో 'కార్మికులు' అని రాశానుగాని అక్క మాట రాయలేదు. సొంత మనిషి కోసం అడిగితే అది హక్కు కాదు, బిచ్చం అవుతుందని అనుకున్నాను. హక్కుల గురించిన చిన్న పుస్తకాలు చదివి వచ్చిన తెలివి అది. ఇప్పుడు రాస్తున్నాను.

అక్కకు వినబడకపోవడం పుట్టుకతో వచ్చింది. చూపు పోవడం ఇరవయ్యారో ఏట మొదలైంది. మొదట మసక వెలుతురులో చూపు పోయింది. తర్వాత పక్కల నుంచి మూసుకొస్తున్నది. ఇప్పుడు ఆమె ప్రపంచాన్ని గొట్టంలోంచి చూసినట్టు చూస్తుంది. ఎదుటి మనిషి ముఖం చూస్తే చేతులు కనబడవు, చేతులు చూస్తే ముఖం కనబడదు. కళ్ళ డాక్టరు నాతో, "రెండేళ్ళు. మహా అయితే మూడు. మంచి వెలుతురులో ఉంటే ఉన్న చూపు పనికొస్తుంది, మసకలో ఇప్పటికే లేనట్టే లెక్క," అన్నాడు. అది చెప్పి పదకొండు నెలలయింది.

ఇంట్లో వెలుతురు ఉంది కదా అని తమరు అడగవచ్చు. ఉంది. మాట్లాడేవాళ్ళే లేరు. మా అమ్మకు వచ్చిన సైగలు నాలుగు: తిను, పడుకో, రా, ఎందుకు ఏడుస్తున్నావు. నేను ఇరవై ఏళ్ళు వేలు చూపించి గడిపాను. రెండేళ్ళ కిందట ఒక చిన్న పుస్తకం దొరికితే బొమ్మలు చూసి నేర్చుకున్నాను. నా సైగలకు యాస ఉందట. నేను 'రేపు వస్తాను' అంటే 'రేపు ఉతుకుతాను' అన్నట్టు ఉంటుందట. అక్క ఈ ముక్క గది మొత్తానికీ చెప్పింది. ఇప్పటికీ నేను మెట్లు దిగితే వాళ్ళు గుడ్డలు ఉతికినట్టు చేతులు ఆడించి పలకరిస్తారు. అక్క మనసారా మాట్లాడేది ఆ పదిమందితోనే. ఆ గదే ఆమె ఊరు.

5. దీపాలు అమర్చిన వైనం. నేను చదువుకున్న ఎలక్ట్రీషియన్ని కాను. పిన్ను కొట్టిన చిన్న పుస్తకాలు చదివి నేర్చుకున్నవాణ్ణి. గోడ చెమ్మగా ఉన్న చోట ఇంటి కరెంటు దించకుండా, పన్నెండు వోల్టులు మాత్రమే దించవచ్చని వాటిలో చదివాను. ఇంటి కరెంటును పన్నెండుకు తగ్గించే పెట్టెను డ్రైవరు అంటారు. దాన్ని పైన, పొడిగా ఉన్న సూపర్‌వైజరమ్మ గదిలో పెట్టాను. అక్కణ్ణుంచి రెండు తీగలు కిందికి దిగుతాయి. ఆ తీగలను తడిచేత్తో పట్టుకున్నా చీమ కుట్టినట్టయినా ఉండదు. ముందు నేను పట్టుకున్నాను, తర్వాత కాజాల అత్త పట్టుకుంది. ఆవిడ పట్టుకున్న తర్వాతే మిగతావాళ్ళు నమ్మారు.

నేను చేసిన తప్పులు కూడా రాస్తాను, దాచను. మొదట, పుస్తకంలో 'వెలుతురు పని మీద పడవలెను' అని ఉంటే, దీపాల పట్టీని మిషను తల మీద, సూదికి సూటిగా అంటించాను. సూది నక్షత్రంలా మెరిసింది. ముఖాలు చీకట్లోనే ఉన్నాయి. కాజాల అత్త లేచి వచ్చి, కుడుతున్న చొక్కా తీసి పట్టీ మీద కప్పేసి, తన గుండెనూ ముఖాన్నీ చూపించింది. పని ఇక్కడ, అని. పట్టీ ఊడబీకి, ఎదురు గోడల మీద తలకన్నా కొంచెం ఎత్తున, వెలుతురు ఎదుటివాళ్ళ ఛాతీ మీద పడేలా మళ్ళీ అంటించాను.

తర్వాత తీగ. కాలింగ్‌బెల్లుకు వాడే సన్నతీగ వేశాను. పైన మీటరు పెట్టి చూస్తే పన్నెండు, కింద తీగ దిగిన చోట తొమ్మిదిన్నర, చివర ఎనిమిది. తక్కువ వోల్టులకు ఉన్న జబ్బు ఇది. సన్నతీగలో దూరం పోతే దారిలోనే సగం ప్రాణం పోతుంది. ఒక చివర కూర్చున్నామె మాట స్పష్టంగా, రెండో చివర కూర్చున్నామె మాట గొణిగినట్టుగా ఉంది. మా అక్క ఉన్నది గొణిగే వైపు. లావు తీగ తెచ్చి, పట్టీకి రెండు కొసల నుంచీ కరెంటు ఇచ్చాను. అన్ని చోట్లా పదకొండు దాటింది.

ఇక మూడోది. అక్క కళ్ళకు వెలుతురు సూటిగా తగిలితే గుచ్చుకుంటుంది. అందుకని కాంతి తగ్గించే మర ఒకటి మధ్యలో పెట్టాను. చవకరకం. అది కాంతిని తగ్గించదు, మన కంటికి తెలియనంత వేగంగా ఆర్పుతూ వెలిగిస్తుంది. చేతులు కదలకుండా ఉంటే ఏమీ లేదు. కదిలితే ఒక్కో వేలూ నాలుగు వేళ్ళయింది. వాళ్ళు చేతులాడిస్తుంటే గదినిండా రెక్కలు కొట్టుకున్నట్టుంది. అక్క నా భుజం తట్టి, "నువ్వు నాలుగు చేతులతో మాట్లాడుతున్నావు, ఏ చేతికి జవాబు చెప్పను?" అన్నది. మర తీసేసి, పట్టీ మీద పాలరంగు మూత బిగించాను. సరిపోయింది.

ఆ రోజు మూడు గంటలసేపు ఒక్క మిషనూ తిరగలేదు. తమరు కావాలంటే ఇది నా మీద రాసుకోవచ్చు. వానల నుంచి దాచుకున్న కబుర్లన్నీ ఒక్కసారి బయటపడ్డాయి. సూపర్‌వైజరమ్మ మెట్ల మీద నిలబడి, "ఏమంటున్నారోయ్?" అని నన్నడిగింది.

"మీ గురించే."

"ఏమని?"

"మీరు నడిచొస్తుంటే తాళాలగుత్తి ఒక్కటే నడిచొస్తున్నట్టు ఉంటుందట."

ఆమె తన తాళాలగుత్తి ఒకసారి తడుముకుంది. "అబద్ధమేం కాదులే," అని పైకి వెళ్ళిపోయింది. దీపాలు నలభై ఒక్క రోజులు ఏ ఆటంకమూ లేకుండా వెలిగాయి.

6. తనిఖీ. నలభై రెండో రోజు తమ శాఖ ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. పెద్దాయన, మోకాళ్ళ నొప్పులు, అయినా ఏడు మెట్లూ దిగారు. అది నేను మరిచిపోను. అంతా చూశారు. తీగలు పట్టుకుని చూశారు. "బాగా చేశావు తమ్ముడూ. మావాళ్ళు కూడా ఇంత నీటుగా చెయ్యరు," అన్నారు. ఫారం తీసి రాసుకుంటూ పదకొండో గడి దగ్గర ఆగారు. ఎర్త్ నిరోధం, ఎన్ని ఓములు. అంటే నేలలోకి దించిన తీగకు మీటరు పెట్టి, వచ్చిన అంకె వేయాలి.

"ఎర్త్ తీగ ఏది?"

"అక్కర్లేదు సార్. ఇది పన్నెండు వోల్టులు, పై కరెంటుతో సంబంధం లేకుండా విడిగా ఉండే రకం. దీనికి ఎర్త్ కలపకూడదనే పుస్తకంలో ఉంది. కలిపితే పై అంతస్తులో ఎక్కడ లోపం వచ్చినా అది మన తీగలోకి దిగుతుంది."

"నాకు తెలీదనా? అక్కర్లేదు అని రాయడానికి గడి లేదు. గీత పెడితే ఖాళీ వదిలావంటారు. సున్నా వేస్తే అబద్ధం రాశావంటారు."

7. మేకు. ఇది ముందటి ఏడు అర్జీలలో ఎక్కడా లేదు. తమ శాఖ ఒప్పుకోలేదని మాత్రమే రాశాను. జరిగినది ఇది.

ఇన్‌స్పెక్టరు గారు పెన్ను మూసి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు. ఆ గదిలో గొంతు తగ్గించవలసిన పనే లేదు, అయినా తగ్గించారు. "చూడు తమ్ముడూ. బయట గోడ పక్క నేలలో ఓ పెద్ద మేకు కొట్టు. దానికో తీగ చుట్టు. రెండో కొస నీ దీపాలకు కలపనక్కర్లేదు, గోడకు ఊరికే వేలాడనీ. నేను మేకుకి మీటరు పెట్టి వచ్చిన అంకె వేసేస్తాను. నీకు కాగితం, వీళ్ళకి దీపాలు. రేపు మధ్యాహ్నం వస్తా."

ఒక మేకు. ఎవరికీ హాని లేదు. దేనికీ కలవదు.

నేనేమన్నానో తమ రికార్డులో ఉండే ఉంటుంది, ఆయన రాసుకున్నారు గనుక. "ఉత్తుత్తి మేకుకు ఉత్తుత్తి కొలత వేస్తారా? మీరు మార్చవలసింది ఫారం. నేను వంగేది లేదు," అన్నాను. హక్కులనూ, ప్రజలనూ, ఫారాల రాజ్యాన్నీ కలిపి ఇంకా చాలా అన్నాను. అదంతా అంతకు ముందు వారమే చదివి ఉన్నాను, నోట్లో వేడివేడిగా ఉంది. ఆయన చేతిలోని ఫారం లాక్కుని పదకొండో గడి చింపేశాను.

ఆయన చినిగిన ఫారం మడిచి జేబులో పెట్టుకున్నారు. "నీ వయసులో నేనూ ఇంతే. కానీ అప్పుడు నా వెనకాల ఎవరూ కూర్చుని లేరు," అన్నారు.

నా వెనకాల పదకొండు మంది కూర్చుని ఉన్నారు. మా ఇద్దరి నోళ్ళూ కదలడం చూస్తున్నారు. ఎవరికీ ఏమీ వినబడలేదు. ఆయన వెళ్ళాక ఏమైందని అక్క అడిగింది. "ఒప్పుకోలేదు," అన్నాను. ఎవరు ఒప్పుకోలేదో చెప్పలేదు. సైగల్లో అది చెప్పకుండా దాటెయ్యడం కష్టం. ఎవరివైపూ చూపించకుండా దాటేశాను.

8. తనిఖీ అయిన నాలుగో రోజున దీపాలు ఊడదీశారు. కారణం: అనుమతి లేని అమరిక, విధి నిర్వహణకు ఆటంకం. డ్రైవరు పెట్టె, పట్టీలు, తీగలు తమ గోదాములో ఉన్నాయి. ఆ ఇన్‌స్పెక్టరు గారు బదిలీ అయ్యారు. కొత్తాయన దగ్గరికి వెళ్ళి మేకు కొడతానన్నాను. ఆయన, "ముందు అమరిక ఉంటేగా తనిఖీ చేసేది? ఏదీ అమరిక?" అన్నారు. అమరుస్తానన్నాను. "తనిఖీ కాకుండా అమరిస్తే కేసు," అన్నారు. వెటకారం చెయ్యలేదు, ఫైలు చూసి నెమ్మదిగానే చెప్పారు. ఊడదీసి నేటికి ఏడు నెలలు.

9. తమ కార్యాలయం అటెండరు తాత కిందటి వారం నాతో అన్న మాట: "బాబూ, నీ ఫైలు మీద కొత్త నోటు పడిందిలే. వాళ్ళు చీకట్లోనే చేతులు పట్టుకుని మాట్లాడుకుంటున్నారటగా, ఇక దీపాలెందుకని రాశారు."

పట్టుకుని మాట్లాడుకుంటున్న మాట నిజం. కాజాల అత్త మొదలుపెట్టింది. ఒకరి చేతుల మీద ఇంకొకరు చేతులు ఉంచితే, సైగ కదలిక అరచేతికి తెలుస్తుంది. కానీ దీన్ని దీపాలు అక్కర్లేదనడానికి సాక్ష్యంగా రాయవద్దని ప్రార్థన. ఆ పద్ధతిలో ఇద్దరే మాట్లాడుకోగలరు, పదకొండు మంది కాదు. ఇద్దరి చేతులూ పని మానుకోవాలి. మాట్లాడినంతసేపూ ఇద్దరికీ కేంద్రం పని లెక్కల పుస్తకంలో ఖాళీ పడుతున్నది. మా అక్క రేపటి రోజుల్లో ఆ మాటతోనే బతకాలి, తెలుసు. దాన్ని నేర్చుకోవాలన్నా, చెయ్యి ఆడటం కంటితో చూస్తూ అదే కదలికను అరచేత్తో పట్టి పోల్చుకోవాలి. కన్ను ఉన్నప్పుడే అది కుదురుతుంది. డాక్టరు చెప్పిన రెండేళ్ళలో పదకొండు నెలలు అయిపోయాయని పైన రాశాను.

కాబట్టి కోరేది ఏమనగా: గోదాములో ఉన్న మా సామాను మాకు తిరిగి ఇప్పించి, కొత్త ఇన్‌స్పెక్టరు గారి ఎదుటనే అమర్చి, అప్పుడే తనిఖీ చేయించుకొనుటకు ఒక్క పూట అనుమతి ఇవ్వవలెను. పదకొండో గడిలో తమరు ఏ అంకె వేయమంటే ఆ అంకెకు నేను సంతకం పెడతాను. ఎన్ని మేకులైనా కొడతాను. పాత ఇన్‌స్పెక్టరు గారి చిరునామా ఇప్పిస్తే ఆయనకు విడిగా క్షమాపణ రాసుకుంటాను. ఫారం చింపినందుకు నా మీద చర్య తీసుకోదలిస్తే తీసుకోండి. దాన్ని దీపాలతో ముడిపెట్టవద్దు.

పై తొమ్మిది అంశాలలో తమరు ఏడవది ఒక్కటి చిత్తగించినా చాలును. తప్పు ఆ గదిలో కూర్చున్న పదకొండు మందిది కాదని తెలుస్తుంది.

ఎన్నడూ ఎవరికీ విధేయుడు కానివాడు, ఈ కాగితం మేరకు తమ విధేయుడు,
మూడో మిషను ఆమె తమ్ముడు

తా.క. సార్, పైదంతా రాసి, కవరు అంటించే ముందు ఒక పని చేశాను. తమరికి రాసిన మేకు సంగతి అక్కకు చెప్పకపోతే ఎలా అనిపించింది. అప్పటికింకా పొద్దు పూర్తిగా పోలేదు. అక్క అప్పుడే పని నుంచి వచ్చి మంచం మీద కూర్చుంది. లైటు వేసి, ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. మేకు, తీగ, ఆయన గొంతు తగ్గించడం, నేను అరవడం, చింపడం. మధ్యలో నా యాసను సరిదిద్దుతుందేమో అనుకున్నాను. సరిదిద్దలేదు. కళ్ళు నా చేతుల మీదే ఉంచింది, ముఖం వైపు ఎత్తలేదు.

అయిపోయాక ఒక్కటే అడిగింది: "ఒక్క మేకా?"

ఒక్కటే అన్నాను. కారణాలు చెప్పబోయి చేతులెత్తాను. ఆమె లేచి వెళ్ళి లైటు ఆర్పేసింది.

చెవులున్నవాళ్ళం చీకట్లో కూడా పోట్లాడుకోవచ్చు. వీళ్ళ ఇళ్ళలో లైటు ఆర్పితే మాట ముగిసినట్టే. పొద్దు కూడా పోయింది. అమ్మ వంటింట్లోంచి, "ఏమైందిరా, కరెంటు పోయిందా?" అంటోంది.

నేను మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. నా కుడిచెయ్యి అక్క ఒళ్ళో, అరచెయ్యి పైకి పెట్టి ఉంచాను. పట్టుకుంటుందని. ఇంకా పట్టుకోలేదు. తీసెయ్యలేదు కూడా. ఈ చివరి లైన్లు ఎడమచేత్తో, కనబడకుండా రాస్తున్నాను. ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటే, చదవడం కష్టమైతే, మన్నించండి.